పచ్చరంగు పరీక్ష

మనిషికి నలభై దాటిన తరువాత రెండు రకాల జబ్బులు వస్తాయి. ఒకటి, డాక్టరు చీటీ రాసి యిస్తే కుదిరేది. రెండవది, "ఇన్నాళ్ళూ నాలో ఒక కళాకారుడు నిద్రపోతున్నాడు సుమా!" అనే అనుమానం. మొదటిది వస్తే ఇంట్లోవాళ్ళు గంజి కాచి యిస్తారు. రెండవది వస్తే ఖర్చు లెక్క అడుగుతారు.

నాకు వచ్చింది రెండవది. ఎలా వచ్చిందో చెబుతాను.

ఒకనాడు క్లాసులో వసంత వర్ణన చెబుతున్నాను. మోదుగుపువ్వు వచ్చింది. మోదుగును సంస్కృతంలో కింశుకం అంటారనీ, "ఇది చిలుకా యేమి?" అని అనిపించేటట్టు పువ్వు వంపు తిరిగి వుండటంచేత ఆ పేరు వచ్చిందంటారనీ, ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటే మళ్ళీ చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ చిలుకముక్కు ఒక రేకా, రెండు రేకులా?" అని అడిగింది.

నేను గొంతు సవరించుకున్నాను. కండువా లేదు గాని, వుంటే అదీ సవరించుకునేవాణ్ణి. చివరకు, "అది పరీక్షకు రాదమ్మా" అన్నాను.

ఈ మాట మరో వూళ్ళో అంటే చెల్లేదేమో. మా పిట్లంలో చెల్లదు. ఫాల్గుణం వచ్చిందంటే ఇక్కడ పొలాల గట్లమీదా, బీళ్ళలోనూ మోదుగులు ఆకులన్నీ రాల్చుకుని నిలువునా అంటుకున్నట్టు పూస్తాయి. హోలీకి పిల్లలు ఆ పూలు తెచ్చి నీళ్ళలో నానవేసి రంగు తీస్తారు. ఆ ఆకులతో కుట్టిన విస్తళ్ళలో నేను ఎన్ని పెళ్ళి భోజనాలు చేశానో లెక్కలేదు. అయినా పువ్వును ఒక్కనాడూ చేతిలోకి తీసుకుని చూసిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రం చూశాను. అయిదు రేకులు. ఒకటి వెనక్కు విరుచుకుని వుంది. రెండు చెరో పక్కా వున్నాయి. మిగిలిన రెండూ అంచులు కలుపుకుని ముక్కులాగా వంపు తిరిగి వున్నాయి. వాటినన్నిటినీ పట్టుకుని వున్న గిన్నె నల్లటి మఖమలు గుడ్డలా వుంది. నిప్పురంగు పువ్వుకు బొగ్గురంగు గిన్నె! ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి ఈ నలుపు సంగతి తెలియదు. వర్ణన చెప్పటం వేరు, వస్తువును చూడటం వేరు అని నలభై అయిదో ఏట తెలిసింది. బొమ్మ వేస్తే గాని నా కన్ను కుదురుగా ఒకచోట నిలవదని నిశ్చయించుకున్నాను.

నీటిరంగులతో మొదలుపెట్టి వుంటే మర్యాదగా వుండేది. కాని చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో రవివర్మ లక్ష్మి పటం చూస్తూ పెరిగినవాణ్ణి. తైలవర్ణాలంటే నాకు మొదటినుంచీ గౌరవం. నిజానికి నూనెరంగులు మన దేశానికి చుట్టపుచూపుగా వచ్చినవే. రవివర్మకు (1848–1906) కూడా వాటి మర్మం ఎవరూ పలకమీద దిద్దించలేదు. 1868లో థియొడోర్ జెన్సెన్ అనే పడమటి చిత్రకారుడు తిరువాన్కూరు దివాణానికి వచ్చినప్పుడు, ఆయన నేర్పటానికి ఒప్పుకోక, వేస్తూవుంటే చూడటానికి మాత్రం ఒప్పుకున్నాడట. రవివర్మ చూసి నేర్చుకున్నాడు. చూపుకు అంత బలం వుంది. నాకు జెన్సెన్ లేడు గనక, ఒక పాత ఇంగ్లీషు పుస్తకాన్నీ, సెల్‌ఫోనులో పాఠాలు చెప్పే పెద్దమనుషుల్నీ ఆశ్రయించాను. రంగులు హైదరాబాదునుంచి వచ్చాయి. బిల్లు చూసి మా ఆవిడ, "ఈ గొట్టాల్లో వున్నది రంగా, బంగారమా?" అని అడిగింది.

ఆ గొట్టాలకూ ఒక కథ వుంది. 1841 దాకా తయారైన నూనెరంగును పంది మూత్రకోశంలో పోసి, మూతి బిగించి కట్టుకునేవారు. ఆ ఏడు జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు నొక్కితే వచ్చే తగరపు గొట్టం కనిపెట్టాడు. అప్పటినుంచే చిత్రకారులు గది విడిచి చెట్టుకిందికీ ఏటిగట్టుకూ సుళువుగా వెళ్ళగలిగారు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. "అయితే మీరు కూడా హాలు విడిచి చెట్టుకిందికి వెళ్ళండి" అన్నది.

నేను వెళ్ళలేదు. అదే నా మొదటి తప్పు. హాల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆకుపచ్చ గొట్టం మూత తీసి, చెరువుగట్టు, వరిపొలాలు, మధ్యన నిండుగా పూసిన మోదుగు వేశాను. నెలరోజులు పట్టింది. పుస్తకంలో నీడలు నీలంగా వెయ్యమని వుంది, నీలంగా వేశాను. ఆకాశం లేతగా, మబ్బుగా వుండాలని వుంది, అలాగే చేశాను. పూర్తి అయిన తరువాత మా అమ్మ ముందు నిలబెట్టాను.

మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. బడికి పోలేదు. నాట్లు వేసి, కలుపు తీసి, నాకు ఎమ్మే దాకా చదువు చెప్పించింది. ఆమె చాలాసేపు చూసి, "మంచిగున్నది బిడ్డా" అన్నది. నాకు ఆ మాట చాలు. పటం కట్టించి గోడకు తగిలించాను. వచ్చినవాళ్ళందరికీ కాఫీతోపాటు అదీ చూపించేవాణ్ణి. మా లెక్కల మేష్టారు రెండు గుక్కల్లో కాఫీ ముగించి వెళ్ళటం నేర్చుకున్నాడు.

ఇంతలో అమ్మకు చూపు బాగా మందగించింది. బియ్యంలో రాళ్ళు కనపడటం లేదని కోడలితో చెప్పి, నాతో చెప్పవద్దన్నదట. శుక్లాలన్నారు, మా వైపు మోతిబిందు అంటారు. నెల రోజుల తేడాలో రెండు కళ్ళకూ ఆపరేషను చేయించాం. రెండో కట్టు విప్పిన మర్నాడు ఆమె ఇల్లంతా కలయదిరిగింది.

"గోడ గింత తెల్లగున్నదా!" అన్నది. కోడలి చీర కొంగు పట్టుకుని, "గిది నల్లదనుకున్న. నీలమా!" అన్నది. పెరట్లోకి వెళ్ళి కరివేపాకు చెట్టును రెండు చేతులతో నిమిరింది. తరువాత హాల్లోకి వచ్చి నా చిత్రం ముందు నిలబడ్డది.

నేను కుర్చీ ఆమె వెనక్కు జరిపాను, ఆనందంతో కూలబడుతుందేమోనని.

"ఇది యాడి వూరు కొడకా?" అన్నది అమ్మ.

"మనదేనమ్మా. మన చెరువు దిక్కు."

"మన దిక్కు గింత పచ్చ యాడున్నది? మోదుగు పూసేటప్పుడు చెట్టుకు ఆకుంటదా? గీ ఆకాశమేంది, ముసురు పట్టినట్టున్నది? ఎండేది?"

మరి మొన్న మంచిగున్నదన్నావు గదా అన్నాను. "మొన్న నాకు కండ్లు కనపడలే బిడ్డా" అన్నది.

పాఠకులు నవ్వవచ్చు. నేను కూడా నవ్వాను, రెండు రోజుల తరువాత. కాని మొదట కలిగింది నవ్వు కాదు. ఆమె లోకమంతా పసుపు మసకలో కరిగిపోతూ వుండగా, నేను ఆమె మెప్పు కోసం చూశాను గాని, ఆమె కంటివైపు చూడలేదు. పువ్వు విషయంలో చేసిన తప్పే అమ్మ విషయంలోనూ చేశాను. బొమ్మ తప్పితే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు; ఆపరేషను ఇంకొంచెం ఆలస్యం చేసివుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళున్న పాఠకులు దయచేసి ఒక్కసారి వాళ్ళచేత సూదిలో దారం ఎక్కించి చూడండి. "బాగానే కనపడుతున్నది" అనే మాటను నమ్మకండి.

శుక్లం ముదిరేకొద్దీ కంటిలోని కటకం పసుపుగా, గోధుమగా మారి, నీలాన్ని లోపలికి రానివ్వదు. పేరుమోసిన ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు ఇదే జరిగింది. ఆయన చూపు చెడిన కాలంలో వేసిన తామర కొలనులు ఎరుపూ గోధుమా తిరిగాయి. 1923లో ఆపరేషను అయింది. అంతటివాడికే కన్ను మోసం చేసింది. నాకు కన్ను మోసం చెయ్యలేదు. నేనే కంటిని మోసం చేశాను. కళ్ళు చక్కగా వుండగా పుస్తకంలోంచి చూశాను. ఆ పుస్తకం రాసినాయన చలిదేశంవాడు. ఆయన ఆకాశం ఆయనది, ఆయన నీడ ఆయనది. పిట్లం గట్టుమీద దాన్ని పరిస్తే అది గొంగడి కప్పుకున్న వేసవిలా వుంటుంది.

ఉష్ణమండలపు చెట్లనూ పూలనూ నూనెరంగుల్లో వెయ్యాలని బయలుదేరిన ఔత్సాహికులలో ఇద్దరి కథలు నాకప్పుడు జ్ఞాపకం వచ్చాయి. ఒకరు ఇంగ్లండులో పుట్టిన మేరియాన్ నార్త్ (1830–1890). చిత్రకళాశాలలో చదివిన మనిషి కాదు. తండ్రి పోయిన తరువాత, నలభై దాటిన వయస్సులో, 1871లో రంగులపెట్టె పట్టుకుని ఓడెక్కింది. జమైకా, బ్రెజిలు, జపాను, సింహళం, జావా, బోర్నియో తిరిగింది. 1877 నుంచి 1879 దాకా మన దేశంలో వుండి మన చెట్లనూ గుళ్ళనూ వేసుకున్నది. చెట్టు ఎక్కడ వుంటే అక్కడికే వెళ్ళి, దాని ఎదుటనే కూర్చుని వేసేది. లండను దగ్గర క్యూ తోటలో 1882లో తెరిచిన ఆమె చిత్రశాలలో ఎనిమిది వందలకు పైగా చిత్రాలు ఇప్పటికీ గోడ కనపడకుండా కిక్కిరిసి వున్నాయి.

రెండవవాడు ఆన్రీ రూసో (1844–1910). పారిస్ నగరపు సుంకం నాకాలో గుమాస్తా. సెలవుల్లో బొమ్మలు వేసి, 1893లో ఉద్యోగం మానుకున్నాడు. అరణ్యాలు వేశాడు: పులులు, కోతులు, ఏనుగు చెవులంత ఆకులు. తమాషా యేమిటంటే ఆయన ఫ్రాన్సు పొలిమేర దాటలేదు. పారిస్ వృక్షశాలలోని గాజుటింట్లో వెచ్చగా పెంచిన మొక్కల ముందు నిలబడి, ఆకు ఆకునూ చూసి, మిగిలినది వూహించుకున్నాడు. అరణ్యం చూడని మనిషి కుండీలో మొక్కను అంత శ్రద్ధగా చూశాడు. అరణ్యం పక్కన పుట్టిన నేను ఆకుపచ్చ గొట్టాన్ని చూశాను!

అంచేత మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మేష్టారు మా అమ్మ. మోదుగు చెట్టుకు ఎదురుగా, పొలం గట్టుమీద ఆమెకు ఒక పీట, నాకు ఒక పీట. పొద్దున ఆరున్నరకు వెళ్ళి తొమ్మిది లోపల తిరిగివచ్చేవాళ్ళం. ఆ తరువాత మా ఎండకు ముఖమే వుండదు. సూర్యుడు నడినెత్తికి వస్తే చెట్టునీడ మొదట్లో మడుగులా చేరుతుంది. రంగులన్నీ వెలిసిన గుడ్డలా అవుతాయి. పొద్దుటి ఎండలో నీడ నీలం కాదని అప్పుడే చూశాను. నేలమీది ఎర్రమట్టి వెలుతురును నీడలోకి ఎగదన్నుతుంది. నీడకు కాస్త ఇటికపొడి రంగు వస్తుంది.

ఇక పచ్చ సంగతి. అమ్మ చూపిస్తూ పోయింది. నారుమడి పచ్చ వేరు. నాటిన నెలకు తిరిగే నలుపుపచ్చ వేరు. పొట్టకు వచ్చిన యాసంగి వరి పచ్చ వేరు. చింతచిగురు, మామిడి ముదరాకు, అరటాకు ఒకదానికొకటి చుట్టరికం లేదు. ఒకే ఆకుకు కూడా మూడు పచ్చలున్నాయి. ఎండకు ఎదురుగా నిలబడి చూస్తే, వెలుతురు ఆకులోంచి దూరివచ్చి పసుపుపచ్చగా మెరుస్తుంది. ఎండ మన వీపున వుంటే నున్నటి ఆకు ఆకాశాన్ని ప్రతిఫలించి నీలపుతెలుపు చూపిస్తుంది. నీడలో ఆకు తన సొంత రంగులో వుంటుంది. గొట్టంలో వున్నది ఈ మూడింటిలో ఏదీ కాదు.

అప్పుడు, ఎమ్మే తెలుగు చదివినందుకు సిగ్గుపడుతూ, ఒక సంగతి గ్రహించాను. మన భాషలో పచ్చ అనే మాట పసుపుకూ ఆకుకూ కూడా చెల్లుతుంది. బంగారం పచ్చగా వుంటుంది, వరిచేనూ పచ్చగా వుంటుంది. ఇది మాటల కరువు కాబోలని కుర్రతనంలో అనుకునేవాణ్ణి. కాదు. మన ఎండలో బతికే ఆకులో పసుపు ఎంత వుందో మన పూర్వులు చూసి పెట్టిన పేరు అది. ఇంకా సూక్ష్మంగా కావాలంటే ఆడవాళ్ళ చీరలనడగండి: చిలకపచ్చ, మావిచిగురు, మెంతిరంగు, నెమలికంఠం. బట్టల కొట్లో అయిదు నిమిషాలు నిలబడితే ఏ చిత్రకళాశాలా చెప్పనన్ని రంగులు చెవిన పడతాయి.

ఆకుపచ్చ గొట్టం మూత బిగించి పక్కన పెట్టాను. ముందు పసుపు తీసుకుని, అందులో చీపురుపుల్ల మొన మీద పట్టినంత నలుపు కలిపాను. చిత్రం! పసుపులో కాటుక కలిస్తే ముదురాకు పచ్చ వచ్చింది. నీలం కలిపితే పదునైన పచ్చ వచ్చింది. దానికి కాస్త ఎర్రమట్టి రంగు తగిలిస్తే పొగరు దిగి మా వూరి పచ్చ అయింది. మా ఆవిడ చూసి, "పప్పులో చింతపండు పులుసు పోసినట్టు" అన్నది. అంతకంటె బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

నాలాటి రోగులు ఇంకా వుంటారు గనక, దెబ్బలు తిని నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను. ఒకటి: నూనెరంగు బట్ట ఆరినట్టు ఆరదు. అవిసెగింజల నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. పైకి ఆరటానికి రోజులు, లోపల ఆరటానికి నెలలు పడుతుంది. అంచేత అడుగుపూతలో నూనె తక్కువ, పైపూతలో ఎక్కువ వుండాలి. తిరగేస్తే పైది ముందు బిగిసి, ఎండిన చెరువు అడుగులా బీటలిస్తుంది. రెండు: ఉత్త గుడ్డమీద నూనెరంగు వేస్తే గుడ్డ చీకిపోతుంది; ముందుగా పూత పట్టించాలి. ఇది మనకు కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరుకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి గాని కుంచె ముట్టరు. మూడు: వానాకాలంలో గుడ్డ సాగి వదులవుతుంది, బూజు పడుతుంది, చిత్రాన్ని తడిగోడకు ఆనించి పెట్టవద్దు. నాలుగోది ఇల్లాళ్ళు తప్పక వినవలసినది. నూనె తుడిచిన గుడ్డపీలికలను కుప్పగా ఓ మూల పడెయ్యకూడదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం వుంది. విడివిడిగా బయట ఆరవెయ్యాలి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో పెట్టాలి. టర్పెంటైను వాడేటప్పుడు కిటికీలు తెరవాలి. కళ అంటుకోవచ్చు గాని, ఇల్లు అంటుకోకూడదు గదా!

పూలు రాలేలోగా చిత్రం పూర్తి కావాలి. మోదుగు ఎవరి కోసమూ ఆగదు. ఆకు లేని బూడిదరంగు కొమ్మలు, వాటిమీద నల్లటి మొగ్గలు, నిప్పురేకులు, వెనక పసుపు తిరిగిన యాసంగి వరి. గాలికి వచ్చిన దుమ్మూ, రెండు చీమలూ తడిరంగులో అతుక్కుపోయాయి. చీమలను తీశాను. దుమ్ము తియ్యలేదు; అదీ మా వూరిదే.

చివరిరోజున పీట వెనక్కు జరిపి, "చెప్పమ్మా" అన్నాను. ఇరవై ఏళ్ళుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నవాణ్ణి. నా కాగితం ఇంకొకరు దిద్దుతూ వుంటే కాళ్ళలో వణుకు ఎలా పుడుతుందో అప్పుడు తెలిసింది.

అమ్మ చెట్టును చూసింది, చిత్రాన్ని చూసింది, మళ్ళీ చెట్టును చూసింది. ఆపరేషను అయిన కళ్ళకు చేయి అడ్డం పెట్టుకున్నది.

"కొమ్మలు సక్కగ రాలే. పూలు గూడ గట్లుండయి" అన్నది. కొంచెంసేపు ఆగి, "గని ఎండ మాత్రం మనదే బిడ్డా" అన్నది.

నా లెక్క ప్రకారం దానికి 35 మార్కులు వస్తాయి. పాసు.

మర్నాడు క్లాసులో ఆ అమ్మాయిని లేపి, "రెండు రేకులమ్మా, అంచులు కలిసి వుంటాయి" అని చెప్పాను. ఆమె నవ్వి, "నాకు తెలుసు సార్, మా పొలం గట్టుమీద వుంది" అన్నది.